కుర్చీ వద్దు, బాత్రూం కావాలన్నాను

ఆ రోజు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దగ్గర ట్రాఫిక్ డ్యూటీలో ఉన్నాను. మిట్టమధ్యాహ్నం ఎండలో నాకు చలి పుట్టింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి. నడుము కుడివైపు ఎవరో గుద్దినట్టు నొప్పి. మూత్రంలో మంట అంతకుముందు నుంచే ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలతో నెట్టుకొస్తున్నాను. తోటి కానిస్టేబుల్ సరిత నా చెయ్యి పట్టుకుని, "అక్కా, గింత కాలుతున్నవేంది!" అంది. లారీని ఆపడానికి చెయ్యెత్తిన దాన్ని అక్కడే కూలబడ్డాను.

సరితే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. యూరిన్ టెస్ట్, ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్, అల్ట్రాసౌండ్ చేశారు. "పైలోనెఫ్రైటిస్. ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకింది" అన్నారు డాక్టరమ్మ. "డ్యూటీలో నీళ్లు తాగుతారా?"

"తాగను మేడమ్. తాగితే ఏడికి పోవాలె?"

మగవాళ్లు గోడ చాటుకు పోతారు. మేము పొద్దున చాయ్ కూడా మానేసి ఇల్లు కదులుతాం. ఉద్యోగంలో చేరగానే సీనియర్ అక్కలు మాకు నేర్పిన మొదటి విద్య అదే.

ఐవీ యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచింది. కల్చర్ రిపోర్టు చూసి, "ఈ మందు పనిచేయట్లేదు, మారుస్తున్నాం" అన్నారు. సీటీ స్కాన్‌లో కిడ్నీ పక్కన చీము కనిపించింది. వీపులోంచి డ్రెయిన్ పైపు వేశారు. పక్కకు ఒత్తిగిలాలన్నా ప్రాణం పోయేది.

మా ఆయన రవీందర్ చిలకలగూడలోని మా ఇంటి నుంచి రోజూ జావ తెచ్చేవాడు. ఒకరోజు గిన్నె పక్కన పెట్టి, "ఈ నౌకరీ ఇడిసిపెట్టు. పానం కన్న ఎక్కువనా?" అన్నాడు.

"నౌకరీ ఏం జేసింది? బాత్రూం లేకపాయె. దానికి నేనెందుకు ఇడువాలె?" అన్నాను. ఆ కోపంలోనే జావ అంతా తాగేశాను. జబ్బుపడ్డాక గిన్నె ఖాళీ చేయడం అదే మొదటిసారి.

పైపు తీసి ఇంటికి పంపాక, లీవు ముగిసి డ్యూటీలో చేరితే, రోల్ కాల్‌లో అందరి ముందూ ఎస్సై జాలిపడ్డారు. "ఇగ రోడ్డు మీదెందుకమ్మా లావణ్యా? స్టేషన్‌ల కుర్చీల కూసో."

"కుర్చీ వద్దు సార్. పాయింట్ కాడ బాత్రూం కావాలె. నేను లోపల కూసుంటే నా జాగల ఇంకో ఆడామె నిలబడ్తది. ఆమె కిడ్నీ సుత పోవాల్నా?"

వెనక ఇద్దరు మగ కానిస్టేబుళ్లు కిసుక్కున నవ్వారు. ఎస్సై మొహం మాడ్చుకుని, "సరే, పైకి చెప్తా తియ్" అన్నారు.

ఆయన చెప్పేదాకా నేను ఆగలేదు. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు అదే మాట ఆయనతోనే అన్నాను. సరిత వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్లూ వచ్చారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కొన్నాళ్లకు మొబైల్ టాయిలెట్ వచ్చింది. తలుపుకు గడియ లేదు. అడిగాం. గడియ వచ్చాక నీళ్లు రాలేదు. మళ్లీ అడిగాం.

ఇప్పుడు అదే కూడలిలో డ్యూటీ చేస్తున్నాను. కుడి కిడ్నీ కొంత దెబ్బతింది, అందుకే కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షలు తప్పవు. నీళ్లు మాత్రం కడుపునిండా తాగుతున్నాను. అవసరమైతే వైర్‌లెస్ సెట్‌లోనే, "బాత్రూంకు పోవాలె, నా జాగల రిలీఫ్ పంపుండ్రి" అంటాను. వినేవాళ్లు వింటారు.

బయట తిరిగి పనిచేసే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. మూత్రంలో మంట ఉంటే షాపు మాత్రలతో సరిపెట్టుకోకండి, డాక్టరుకు చూపించి యూరిన్ కల్చర్ గురించి అడగండి. దానికి చలిజ్వరం, నడుంనొప్పి తోడైతే ఆ రోజే ఆసుపత్రికి పొండి. మీరు లేకపోతే ట్రాఫిక్ కాసేపు ఆగుతుంది, అంతే.