ఉతికిన బావి

సైకిలు దిగినా లింగమూర్తి కాళ్లు నేలమీద నిలిచేవి కావు. హెల్త్ ఇన్‌స్పెక్టరుగా మియాపూర్ నుంచి కొత్తగూడ దాకా రాళ్లగుట్టల మధ్య బండిబాటల్లో తిరుగుతూ, కనబడిన ప్రతి కుండలోకీ తొంగిచూసేవాడు. కోనసీమ కాలవ గట్టున పెరిగినవాడికి, ఊరంతా ఒక్క బావి మీద బతకడం చూస్తే భయమేసేది.

డెబ్బయ్యో సంవత్సరం ఎండాకాలంలో కొత్తగూడకు గత్తర తగిలింది. వాంతులు, విరేచనాలతో వారంలో ఇద్దరు పోయారు. లింగమూర్తి పరుగున వచ్చాడు. ఊరివాడైన ఐలయ్యను వెంటబెట్టుకుని, బకెట్లో బ్లీచింగ్ పౌడరు కలిపి, ముద్ద అడుక్కి దిగాక పైతేట బావిలో పోయించాడు. అప్పుడే నీళ్లకొచ్చిన పోచమ్మతో సంబరంగా అన్నాడు:

"నూతిలో మందు పెట్టించానమ్మా. ఇక మీకేం భయం లేదండి."

పోచమ్మ ఖాళీ బిందెతోనే వెనక్కి తిరిగింది.

మర్నాడు వచ్చేసరికి గిలక మీద తాడు ఎండిపోయి ఉంది. బకెట్టు గట్టు మీద పెట్టింది పెట్టినట్టే ఉంది, ఎవరూ తాకలేదు. ఆడవాళ్లంతా కుంట ఒడ్డున చెలిమెలు తవ్వి, ఊరిన నీళ్లను చిప్పలతో తోడుకుంటున్నారు. పది గజాల అవతల బర్రెలు పొర్లుతున్నాయి. ఆ పై గట్టే ఊరు చెంబు పట్టుకుని వెళ్లే చోటు.

"ఏమైందయ్యా వీళ్లకి?"

ఐలయ్య తల గోక్కున్నాడు. "మందు వెట్టిన అంటివి గద సారూ. మా దిక్కు మందు వెట్టుడంటే ఏందో ఎరుకేనా? గిట్టనోనికి బువ్వల కలిపి పెడ్తరు. తిన్నోడు ఎండుకపోయి సస్తడు. నువ్వేమో ఆంధ్రాయనవైతివి. పోయినేడు తెలంగాణ లొల్లి ఇంకెవలు మరువలే."

పుండుకు మందు పెట్టినట్టే నూతికీ అనుకున్నాడు లింగమూర్తి. ఇంటింటికీ తిరిగాడు. క్లోరిన్ అన్నాడు, కంటికి కనబడని పురుగులన్నాడు. విన్నవాళ్లు విన్నట్టే తలుపులు దగ్గరికి వేసుకున్నారు. మూడోనాడు పొద్దున్నే బావిలో చేద వేసి తోడి, కుంట నుంచి వస్తున్న ఆడవాళ్లు చూస్తుండగా గటగటా తాగాడు.

"పెట్టినోనికి విరుగుడు తెల్వదా ఏంది?" అంది పోచమ్మ.

కిసుక్కున నవ్వారంతా. పోచమ్మ మాత్రం నవ్వలేదు. రాత్రి నుంచి ఆమె కోడలికి విరేచనాలు. చంకలోని చెలిమె నీళ్లు ఆ పిల్లకే.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఆ నీళ్లు పట్టకండి!"

అప్పుడు సక్కుబాయి బిందె దించింది. పట్నం హోటళ్ల దుప్పట్లు తెచ్చి ఉతికే మనిషి. బకెట్టు అడుగున గడ్డకట్టిన తెల్లముద్దను వేలితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఓ పోచవ్వా, గిది మందు గాదే! మరకలు వోనీకి మేమేసే తెల్లపొడి. సారు నీళ్లు ఉతికిండు, గంతే."

"నీళ్లు ఉతుకుడేందే, పిచ్చిదానా?"

"మైల వడ్డంక ఉతకరా మరి? నీ కోకకైతే నా తాన్కి ఉరికొస్తవు!"

పోచమ్మ కూడా వాసన చూసింది. చెలిమె నీళ్లు నేలపాలు చేసి, బావి నీళ్లు తోడుకుని ఇంటికి పరుగెత్తింది. మధ్యాహ్నం కోడల్ని ఎడ్లబండి మీద పట్నం దవాఖానకు తీసుకుపోతుంటే, దారిలోనే ఆ పిల్ల పోయింది.

 

ఆ తర్వాత లింగమూర్తి ఏ ఊరికెళ్లినా, పౌడరు సంచి మూతి విప్పకముందే ముసలమ్మల దగ్గర గొంతుక్కూర్చునేవాడు: "దీన్ని మీ ఊళ్లో ఏమంటారమ్మా?" డైరీలో 'బావి ఉతికించితిని' అని రాసి పైఅధికారి చేత చీవాట్లు తిన్నాడు; ఆ మాట మాత్రం కొట్టివేయలేదు. ఇంట్లో నీళ్ల గ్లాసు అందిస్తే ముక్కు దగ్గర పెట్టుకోకుండా ఏనాడూ తాగలేదు.

కొత్తగూడలో పోచమ్మ వాకిలి ముందు సైకిలు ఆపేవాడు కాదు. ఆమే వాకిట్లోంచి అరిచేది: "సారూ, బాయి ఉతికినవా?"

"ఉతికానమ్మా," అనేవాడు, తొక్కుతూనే.

రెండేళ్లకు కాబోలు, ఒకనాడు ఆమె దారికి అడ్డంగా నిలబడింది. చేతిలో చెంబు.

"ఏడికి ఉరుకుతవు? జర నీళ్లు తాగిపో."

ఒక కాలు పెడలు మీదే ఉంచి చెంబందుకున్నాడు. వాసన చూడకుండా మొత్తం తాగాడు.