ఆకలితో ఉంచిన కణాలు

ఇన్నేళ్లుగా ఇది నా గుండెల మీద బరువుగా కూర్చుని ఉంది. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

డబ్లిన్‌లో ఒక ల్యాబ్‌లో నేనూ స్వాతీ పక్కపక్కనే పనిచేసేవాళ్లం. ఆమెది కరీంనగర్. నాకంటే చిన్నది, నా తర్వాత చేరింది. రక్తనాళాల్లో పేరుకునే కొవ్వు పూడిక మీద మా పని. ఒంట్లోని రక్షణ కణాలు కొన్ని ఆ కొవ్వును మింగుతాయి. మింగిన చెత్తను లోపలే అరిగించుకుని శుభ్రపడాలి. దాన్నే ఆటోఫజీ అంటాం. అలా శుభ్రపడటం ఆగిందంటే కణం ఉబ్బి, వాపు రేపి, పూడికను ఇంకా పెంచుతుంది. ఒక మందుతో ఆ పనిని మళ్లీ మొదలుపెట్టించవచ్చని స్వాతి ఆలోచన.

అది నాకెందుకు తట్టలేదు? ఆ ప్రశ్నే నన్ను కాల్చేసింది. ప్రొఫెసర్ టీ కప్పు పట్టుకుని ఎప్పుడూ ఆమె దగ్గరే నిలబడేవాడు. ఒకసారి మీటింగులో నన్ను ఆమె పేరుతో పిలిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఇద్దరిలో ఒకరి ఉద్యోగమే కొనసాగుతుందని అప్పటికే తెలుసు.

స్వాతి భర్త డబ్లిన్‌కి దాదాపు గంట దూరంలో ఉన్న డ్రోహెడాలో డాక్టరు. కాపురం అక్కడే. ఒక శుక్రవారం కోటు వేసుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, పాపకు జరమొచ్చింది. ఆయన డ్యూటీల ఉన్నడు. రేపు నా సెల్స్‌కు జర మీడియం మారుస్తవా?"

"మారుస్తాలే. నువ్వు పాపని చూసుకో."

"నువ్వు లేకుంటే నేనేం కావాలె అక్కా!"

మీడియం అంటే ఆ కణాల తిండి. శనివారం ల్యాబ్‌లో ఎవరూ లేరు. ఆమె సిద్ధం చేసి ఉంచిన సీసా చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేసి, పోషకాలు లేని ద్రవం పోశాను. చూడ్డానికి రెండూ ఒకే రంగు. పొరపాటున పోశానా? లేదు. ఆకలేస్తే కణం తన లోపలి సరుకునే తినడం మొదలుపెడుతుంది, ఇక మందు పడినవీ పడనివీ ఒకేలా శుభ్రపడతాయి, తేడా కనబడదు. ఇదంతా తెలిసే పోశాను.

సోమవారం తేడా కనబడలేదు. అవి ఆపరేషన్ చేయించుకున్న రోగులు ఇచ్చిన రక్తంలోంచి తీసి పెంచిన కణాలు. మళ్లీ దొరికేలోపు ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. స్వాతి గ్రాఫు వైపే చూస్తూ కూర్చుంది. మందు పని చెయ్యట్లేదేమోనని మెల్లగా అన్నది నేనే. భుజం మీద చెయ్యి కూడా వేశాను.

నా ఉద్యోగం నిలిచింది. ఆమె రీసెర్చ్ వదిలేసి డబ్లిన్ దగ్గరి లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరింది. మొన్న ఎవరింట్లోనో కలిశాం. ఎంత హాయిగా నవ్వుతోందో! అంత పోగొట్టుకుని కూడా ఎలా నవ్వగలుగుతోందని, మీరు నమ్మరు, నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. ఇంకా ఏం కావాలి నాకు?

ఆ మందును నేనెప్పుడూ పరీక్షించి చూడలేదు. పనిచేస్తుందని తేలితే?

స్వాతికి చెబుతానో లేదో తెలీదు. ధైర్యం ఉందని అబద్ధమాడను. క్షమించమని మిమ్మల్నీ అడగను. ఆమె ఆలోచన ఓడిపోలేదు. నేనే ఓడించాను. ఈ మాట పైకి అనడం ఇదే మొదటిసారి. ఊపిరి కాస్త ఆడుతోంది.