వరదమ్మగారి సంతాప సభ

మనుషులు రకరకాల పొరపాట్లు చేస్తారు. పెళ్లికని బయల్దేరి పక్క కల్యాణ మండపంలో భోంచేసి వస్తారు. ఎవరి పిల్లనో ఎత్తుకుని ముద్దాడి, మొహం చూశాక మెల్లగా కిందకి దింపేస్తారు. నేను అలాంటి చిల్లర పొరపాట్లు చెయ్యలేదండీ. బందరులో కూర్చుని, గ్రీసు దేశంలో నిక్షేపంగా తిరుగుతున్న ఒక మహాగాయనిని చంపేశాను. చంపి ఊరుకున్నానా? ఫ్లెక్సీ వేయించాను. దానికి దండ వేయించాను. దండ వేశాక జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మొదట్నుంచీ చెప్తాను. మధ్యలో నవ్వారంటే మాత్రం ఆపేస్తాను.

మా నాగేంద్రం అత్తయ్య, అంటే మా నాన్నకి అక్క, ఉండేది గిలకలదిండిలో. రేవులో చేపలు కొని బందరు మార్కెట్లో అమ్మేది. ఆవిడ "వంజరం!" అని ఒక్క కేక వేస్తే గంపలో చచ్చిన చేపలు కూడా ఉలిక్కిపడేవి. మా నాంచారయ్య మావయ్య కొన్నాళ్లు వేటకెళ్లి, తర్వాత విశాఖపట్నంలో సరుకు ఓడ ఎక్కాడు. ఓడలో వంటమనిషి. దేశాలు తిరిగొచ్చేవాళ్లు సెంట్లూ చీరలూ తెస్తారు. మావయ్య మాత్రం గ్రీసు రేవులో ఓడ ఆగినప్పుడల్లా పాటల క్యాసెట్ తెచ్చేవాడు. అన్ని అట్టల మీదా ఒకావిడే. నల్ల గౌను, కొబ్బరిపీచంత ఒత్తుగా జుట్టు, నన్నేమైనా అన్నారో అన్నట్టు చూసే కళ్లు. పేరు ఎలెని వరదాకి.

"వరదాకి ఏంటయ్యా, నోరు తిరగదు. వరదమ్మ అందాం" అంది అత్తయ్య. ఆ రోజు నుంచి గ్రీసు గాయని గిలకలదిండి ఆడపడుచైపోయింది.

అందులో ఒక పాటంటే అత్తయ్యకి ప్రాణం. అర్థం మావయ్యే చెప్పాడు. "ఓడ తిరిగొచ్చింది, గుమ్మంలో దీపం పెట్టు, పొయ్యి మీద అన్నం పెట్టు అంటోందే వరదమ్మ." అంతే, మావయ్య ఓడ దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అత్తయ్య ఆ పాట ఎత్తుకునేది. గ్రీకు భాష ఆవిడ నోట్లో పడి, నానిన మరమరాల్లా మెత్తగా మన భాషైపోయేది. మావయ్య గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వు సంతోషంతో వచ్చిందనుకునేవాళ్లం. సంతోషమే లెండి, కాకపోతే అందులో ఇంకో సంగతి కూడా ఉంది. వస్తాను అక్కడికి.

ఒక ఎండాకాలం మావయ్య గుండె ఆగి పోయాడు. అత్తయ్య టేప్‌రికార్డర్‌ని పాత చీరలో చుట్టి అటకెక్కించింది. పాట మానేసింది. మార్కెట్లో కేక కూడా మానేసింది. ధర అడిగితే వేళ్లు చూపించేది. ఆ గొంతు లేక మార్కెట్టే మూగబోయినట్టుండేది.

నేను అప్పట్లో గుడివాడలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నీకు వచ్చా అని అడక్కండి, అది వేరే కథ. చేతిలో కొత్త ఫోన్ ఉంది, లోకంలో నాకు తెలియనిది లేదన్న ధీమా ఉంది. ఆదివారం పూట అత్తయ్య దగ్గరికెళ్లి, ఎలాగైనా మాట్లాడిద్దామని, వరదమ్మ జీవితచరిత్ర చదవడం మొదలెట్టాను.

"అత్తయ్యా, ఈవిడ పుట్టింది చిన్న లంకలోనంట."

అత్తయ్య కత్తిపీట మీద చేప కోస్తూనే ఉంది.

"మన దివిసీమలో ఎదురుమొండి లేదూ, అలాంటిదనుకో. పడవ మీదే వెళ్లాలి. వాళ్ల నాన్న చేపలు పట్టేవాడంట. అమ్మ వలలు అల్లేదంట."

అత్తయ్య తల తిప్పింది. "అయితే మనోళ్లేనేంట్రా?"

అలా మొదలైంది. వెళ్లినప్పుడల్లా హరికథలా కొంచెం కొంచెం చెప్పేవాణ్ణి. రేవు పక్క హోటళ్లలో చేపల వాసన మధ్య నిలబడి పాడిన పిల్ల ఏథెన్సు ఎలా చేరిందో, అక్కణ్ణుంచి ప్యారిస్ వెళ్లి మాట రాక, చలికి కోటు లేక ఎన్ని అవస్థలు పడిందో. తర్వాత ఫ్రెంచివాళ్లకి ఫ్రెంచిలో, జర్మన్లకి జర్మన్‌లో, స్పెయిన్ వాళ్లకి వాళ్ల భాషలో పాడి, ఏ దేశం వాళ్లకి ఆ దేశం మనిషై కూర్చుందిట. "మార్కెట్లో అంతేరా. ఎవరి మాట వాళ్లతో మాట్లాడాలి, లేకపోతే సరుకు కదలదు" అంది అత్తయ్య.

పక్కన గిటారు వాయించే మనిషిని పెళ్లాడిన సంగతీ చెప్పాను. ఆయన పోయాక ఏళ్ల తరబడి పాట ముట్టుకోలేదనీ చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది అనుకునేలోపే నోరు జారింది. అత్తయ్య కత్తిపీట పక్కన పెట్టి, "తర్వాత?" అంది.

"తర్వాత మళ్లీ పాడింది అత్తయ్యా. మొదటి కచేరీలో ఆయన కుర్చీ ఖాళీగా పక్కనే వేయించుకుని పాడిందంట."

అత్తయ్య లేచింది. చెంగుతో చేతులు తుడుచుకుని, "అటక మీదది దింపరా రాంబాబూ" అంది.

టేప్‌రికార్డర్ పలకలేదు గానీ ఆ పాటలన్నీ ఫోన్‌లో దొరికాయి. వారం తిరక్కుండా మార్కెట్లో వంజరం కేక మళ్లీ వినబడింది. నేను వెళ్లగానే కాఫీ ఇవ్వడానికి ముందే "వరదమ్మ ఎలా ఉంది?" అని అడిగేది. నేనేదో ఆ గ్రీసావిడ పక్కింట్లో కాపురం ఉంటున్నట్టు, "బాగానే ఉంది, కొంచెం జలుబు చేసిందంట" అని చెప్పేవాణ్ణి. ఇంత బాధ్యత గల ఉద్యోగం నాకు జీవితంలో ఇంకోటి దొరకలేదు. దాన్నే తగలేశాను.

పామర్రు సెంటర్లో బస్సు కోసం నిలబడి ఫోన్ తీశాను. ఒక గ్రీకు వార్త. అనువాదం నొక్కితే తెలుగులో ఇలా వచ్చింది: "మహాగాయని చివరి వీడ్కోలు. కన్నీటి సంద్రమైన ఏథెన్స్. ఇక ఆ గొంతు వినబడదు." కింద ఫొటోలో తెల్ల బట్టల్లో వరదమ్మ, చుట్టూ పూలే పూలు, వెనకాల జనం కళ్లు తుడుచుకుంటున్నారు. మీరైతే ఏమనుకుంటారు? చూశారా! నేనూ అదే అనుకున్నాను. కిందకి జరిపి మిగతాది చదివుంటే ఈ కథే లేదు. కానీ బస్సొచ్చింది. సీటు ముఖ్యం కదండీ.

కబురు వినగానే అత్తయ్య అరుగు మీద కూలబడింది. తల మీంచి నీళ్లు పోసుకుని, తడి జుట్టుతో వచ్చి, పొయ్యి వెలిగించకుండా కూర్చుంది.

"అత్తయ్యా, మనకి మైల రాదేమో..."

"నోర్ముయ్యి. మీ మావయ్య ఓడలో ఉంటే నెలల తరబడి నాకు తోడున్నదెవరు? సంతాప సభ పెట్టాలి. దానికి ఇక్కడ ఎవరున్నారు, మనం తప్ప?"

ఆ మాటకి నాకూ ఏడుపొచ్చింది. ఫ్లెక్సీ షాపుకి పరిగెత్తాను.

"మేడమ్‌గారిది ఏ ఊరండీ?" అన్నాడు షాపతను టైపు చేస్తూ.

"గ్రీసు."

"గుడ్లవల్లేరు అవతలా?"

"చాలా అవతల."

"పేరు?"

"ఎలెని వరదాకి."

"దేనికి వరదండీ?"

"వరదాకి! అది ఇంటిపేరు!"

చివరికి "కీ.శే. వరదమ్మగారికి అశ్రునివాళి, మా ఇంటి వెలుగు ఆరిపోయింది" అని వేసి, పైన ఎగిరే పావురాల్ని తనవంతుగా ఉచితంగా పెట్టి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్న రేవు దగ్గరి కమ్యూనిటీ హాల్లో సభ. గోడకి ఫ్లెక్సీ కట్టి, పెద్ద దండ వేసి, ముందు దీపం పెట్టాం. మార్కెట్టు ఆడవాళ్లందరూ గంపలు బయట బోర్లించి వచ్చారు. అధ్యక్షులు సూర్యనారాయణ మాస్టారు, బళ్లో పనిచేసి రిటైరయ్యారు. మైకు దొరికితే ఆయనకి లోకం తెలియదు.

"వరదమ్మగారితో నాకు ముఖపరిచయం లేదు" అని గొంతు సవరించుకున్నారు. "ఆవిడ పాట నేను వినలేదు. ఆవిడ దేశం నేను చూడలేదు. అయినా ఆవిడ లేని లోటు నాకు ఇప్పుడే తెలుస్తోంది."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుపుకో నవ్వుకో నాకు తెలియలేదు. తర్వాత నేను లేచాను. లంక, వలలు, ప్యారిస్, ఖాళీ కుర్చీ, అన్నీ చెప్పాను. హాలంతా ముక్కులు చీదుతుంటే నా ఉపన్యాసానికి నాకే మురిపెం వేసింది. ఆ మురిపెంలో, ముందుగా అనుకోనిదొకటి చేశాను.

"ఇప్పుడు అత్తయ్యకి ఇష్టమైన పాట అసలు అర్థం, గ్రీకు నుంచి నేరుగా మీకు చదివి వినిపిస్తాను!"

ఫోన్ నొక్కి చదవడం మొదలెట్టాను. "నా గుమ్మం తొక్కకు... నీ మొహం నాకు చూపించకు... నీ ఓడ ఏ రేవుకి పోతే నాకేం... నీ చొక్కాలన్నీ బావిలో పారేశాను..."

నా గొంతు తగ్గిపోయింది. ముందు వరసలో అత్తయ్య నన్నే చూస్తోంది. మొగుడు చెప్పిన దీపం, అన్నం, నేను మైకులో ఆర్పేశాను. పారిపోదామంటే తలుపు దగ్గర జనం.

"మళ్లీ చదువు" అంది అత్తయ్య.

"వద్దులే అత్తయ్యా, ఈ ఫోన్ అనువాదం..."

"చదవరా. చొక్కాలు ఎక్కడ పారేసిందీ?"

"బావిలో."

అత్తయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని పక్కావిడ పట్టుకోబోయింది. అత్తయ్య నవ్వుతోంది. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే నవ్వుతోంది. "ఇన్నేళ్లూ ఆ మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, నా గుమ్మం తొక్కకు అని ఎదురెళ్లి మరీ పాడాన్రా! అందుకే అలా పొట్ట పట్టుకుని నవ్వేవాడు! ఒక్కనాడైనా చెప్పాడా, దొంగ సచ్చినోడు!" ఆ తిట్టులో ఉన్నంత ముద్దు నేను మళ్లీ ఎవరి నోటా వినలేదు.

"అమ్మా, సంతాప సభలో నవ్వరాదు" అన్నారు మాస్టారు. "అందరూ లేచి నిలబడి మౌనం పాటించండి. రాంబాబూ, ఆవిడ పాటొకటి పెట్టు."

అందరూ లేచి తలలు వంచారు. నేను హాల్లో టీవీకి ఫోన్ కలిపి, వరదమ్మ ఛానల్ తెరిచి, అన్నిటికంటే పైనున్నది నొక్కాను. పాట రాలేదు. పెరట్లో ఒక తెల్లజుట్టు పెద్దావిడ, నైటీలాంటిదేదో వేసుకుని, ఒళ్లో పిల్లిని పెట్టుకుని కనబడింది. మూలన ఎర్రగా "లైవ్" అని వెలుగుతోంది.

"హలో, మై ఫ్రెండ్స్!" అంది వరదమ్మ.

మాస్టారు కళ్లు మూసుకునే ఉన్నారు. అత్తయ్య మాత్రం తలెత్తింది. "ఒరేయ్, ఎవర్రా అది?"

"వరదమ్మే అత్తయ్యా."

"ఏమంటోంది?"

"ఆఖరి కచేరీ అయిపోయిందంట... జనం బాగా ఏడ్చారంట... ఇక వేదికెక్కదంట. మోకాళ్ల నొప్పులంట."

అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించింది. "మోకాళ్ల నొప్పులున్నాయంటే బతికే ఉన్నట్టు కదరా, వెధవా!"

మాస్టారు కళ్లు తెరిచి, టీవీలో ఆవిడనీ, దండ వేసిన ఫ్లెక్సీలో ఆవిడనీ మార్చి మార్చి చూసి, మైకు అందుకున్నారు. "ఈ శుభసందర్భంలో..." అని మళ్లీ మొదలెట్టారు. అధ్యక్షుడంటే అలా ఉండాలి.

ఆ తర్వాత ఎవరూ ఆయన మాట వినలేదు. ఆడవాళ్లు ఒకర్నొకరు కొట్టుకుంటూ నవ్వారు. నన్నూ కొట్టారు, కాకపోతే నవ్వకుండా. అత్తయ్య టీవీ దగ్గరికెళ్లి, తెర మీద వరదమ్మ బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. "నూరేళ్లు ఉండవే తల్లీ. ఇంట్లో కూర్చుని హాయిగా తిను" అని, నా వైపు తిరిగి, "దానికి మన నమస్కారం పంపించు" అంది.

పంపించాను. అదే నా ఆఖరి ఘనకార్యం. నమస్కారంతోపాటు సభలో తీసిన ఫొటో ఒకటి జత చేశాను. ఆ కంగారులో ఏ ఫొటో జత చేశానో చూసుకోలేదు.

కొన్నాళ్లకి వరదమ్మ తరఫువాళ్ల నుంచి జవాబొచ్చింది. "గాయనిగారు మీ ఫొటో చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇన్ని దేశాల్లో పాడారు గానీ, బొమ్మకి ఇంత పెద్ద పూలదండ వేసి, దీపం పెట్టి, ఊరంతా నిలబడి తలలు వంచి ఆవిణ్ణి ఎవరూ ఇంతగా గౌరవించలేదు. మీ ఫొటోని ఆవిడ తన పేజీలో అన్నిటికంటే పైన పెట్టుకున్నారు."

గ్రీకువాళ్లకేం తెలుసండీ, ఫొటోకి దండ అంటే ఏంటో! మన దేశంలో వాళ్లకి తెలుసు. ఆ పేజీ కింద మద్రాసు నుంచీ, కలకత్తా నుంచీ, బొంబాయి నుంచీ అభిమానులు "ఓం శాంతి", "ఆత్మకు శాంతి కలుగుగాక" అని వరసగా రాసేస్తున్నారు. వాళ్లలో ఎవరో తెలుగాయన ఫ్లెక్సీ మీద అక్షరాలు కూడబలుక్కుని, "ఇంటి వెలుగు ఆరిపోయిందట" అని ధ్రువీకరించారు కూడా. అవన్నీ చూసి తల పట్టుకుని కూర్చున్న సమయానికి అత్తయ్య ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు.

"ఒరేయ్ రాంబాబూ, పక్కింటావిడ ఫోన్‌లో చూపించింది. వరదమ్మ మళ్లీ పోయిందంట్రా!"

అందుచేత, గిలకలదిండి సముద్రం సాక్షిగా, పాఠకమహాశయులారా, ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఈ భూమ్మీద ఎవరు పోయినా, ఆ పోయినవాళ్లు స్వయంగా నాకు ఫోన్ చేసి, "అవును బాబూ, నిజమే" అని చెప్తే తప్ప, దండ కొనను గాక కొనను.