తాతయ్య కాలికి ఊలు తొడుగు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు రెండు కాళ్లుండేవి. ఒకటి ఒంటికి, రెండోది అటక మీద. ఎడ్లబండి చక్రం కింద పడి ఎడమకాలు మోకాలి కిందికి తీసెయ్యాల్సి వస్తే, పట్నంలో ఆయనకు పెట్టుడుకాలు ఇచ్చారు. దాని పైన గిన్నెలా ఉన్న గుంతలో మిగిలిన కాలు దూర్చి పట్టీలు బిగించుకోవాలి. ఒరుసుకోకుండా పాత ధోవతి గుడ్డ చుట్టుకునేవాడు. నాలుగడుగులు వేసేసరికి గుడ్డ ముడతలు పడి, చర్మం చీరుకుపోయి నెత్తురు వచ్చేది. నాయనమ్మ సంచిలా కుట్టి ఇస్తే ఆ కుట్టే కోసేది. ఒకరోజు విసుగొచ్చి, కాలు విప్పి మా నాన్న చేతికిచ్చి పైన పెట్టెయ్యమన్నాడు.

అప్పటినుంచి ఆయన అరుగు దిగింది లేదు. చంకకర్రలతో పోవచ్చు కదా అంటే నామోషీ. పొద్దుగూకే వేళ ఊరి చివర తాటివనంలో దోస్తులతో కూర్చుని, కల్లు తాగుతూ లోకం సంగతులన్నీ తేల్చి రావడం ఆయనకు రోజు మొత్తంలో పెద్ద పని. దోస్తులు కల్లు ఇంటికే పంపిస్తామన్నారు. "కూసున్నకాడికి తెప్పిచ్చుకుంట తాగితే రోగిష్టోని లెక్కుంటది. నాకొద్దు" అన్నాడు. ఆయన దిగులంతా కోపమై మా మీద పడేది. కల్లు మానాడని మొదట్లో సంబరపడిన నాయనమ్మే, కొన్నాళ్లకు ఈయన ఎట్లాగైనా మళ్లీ నడిస్తే చాలు దేవుడా అని మొక్కుకోవడం మొదలుపెట్టింది.

పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలు పెరుగుతున్న రోజులవి. మా ఇంటి వెనక గదులు కిరాయికిచ్చాం. అందులో దిగిన పంజాబీ అక్క, పుట్టింటి నుంచి చిన్న అల్లిక మిషన్ తెచ్చుకుంది. అడుగు లేని గిన్నెలా గుండ్రంగా ఉండేది. అంచు చుట్టూ కొక్కేల్లాంటి సూదులు. పక్కనున్న పిడి తిప్పితే ఒక్కో సూదీ లేచి, దారం అందుకుని, కిందికి దిగేది. కింది నుంచి ఊలు గొట్టం సాగుతూ వచ్చేది. దాని ఒక కొస ముడిస్తే టోపీ. మా ఎండలకు ఊలు టోపీ ఎవరు పెట్టుకుంటారు? వాడకట్టంతా నవ్వింది. అక్క మాత్రం అల్లుతూనే ఉండేది, నేను ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉండేదాన్ని.

ఓ మధ్యాహ్నం అప్పుడే దిగిన గొట్టాన్ని సరదాగా చేతికి తొడుక్కున్నాను. మోచేతి దాకా చర్మంలా అతుక్కుపోయింది. లోపల వేలు పెట్టి తడిమితే ఎక్కడా కుట్టు తగల్లేదు. ఒక్కసారిగా తాతయ్య కాలు గుర్తొచ్చింది. "ఇది మా తాత కాలుకు పనికొస్తది అక్కా" అన్నాను. అక్క నా చేతికేసి చూసి, పెట్టె తెరిచి, తనకోసం దాచుకున్న తెల్లటి ఊలు ఉండ తీసింది. అంత మెత్తటి ఊలు ఆమె దగ్గర అదొక్కటే. మిషన్ నా ముందుకు జరిపి, "నీ తాత. నువ్వే తిప్పాలె" అంది వచ్చీరాని తెలుగులో.

ఇసుర్రాయి తిప్పినట్టు గిరగిరా తిప్పాను. జానెడు దిగిందో లేదో, ఒక సూది దారం అందుకోలేదు. అక్కడ కన్నం పడి, నేను చూస్తుండగానే కింది వరుసలకు జారింది. ఉన్న ఒక్క మంచి ఊలూ పాడుచేశానని ఏడుపొచ్చింది. అక్క కసరలేదు. దారం కొస నా చేతికిచ్చి లాగమంది. లాగితే అల్లిందంతా పోతుంది కదా, నేను లాగనన్నాను. నా చేతి మీద చెయ్యి వేసి తనే లాగింది. వరుస వెంట వరుస, చేసిన పనంతా ఊడిపోయింది. ఊడిన దారాన్ని చుట్టి నా ఒళ్లో పెట్టి, "ధాగా కహా గయా? దారం యాడికి పోయింది? ఈడ్నే ఉంది గదా. మళ్ల తిప్పు" అంది.

మళ్లీ తిప్పాను. ఈసారి చివరికొచ్చాక కన్నం పడింది. అక్క నావైపు చూసింది గానీ చెయ్యి వెయ్యలేదు. నేనే లాగేశాను. లాగుతుంటే భయం బదులు పంతం వచ్చింది. ఆ తర్వాత తొందర మానేశాను. ఎడమచేత్తో గొట్టాన్ని మెల్లగా కిందికి పట్టి, ఒక్కో సూదీ దారం అందుకుందా లేదా అని చూసుకుంటూ తిప్పాను. మర్నాటికి తొడుగు సిద్ధమైంది. కొస దగ్గరకు లాగి, ముడి కాలికి తగలకుండా బయటివైపు వేశాం.

తాతయ్య దాన్ని చూసి, "టోపీ తెచ్చి కాలుకు తొడుగుతరా? నల్గురు నవ్వరా?" అని మొహం తిప్పుకున్నాడు. నాయనమ్మ ఓపిక అంతటితో అయిపోయింది. "పోరి చేతులు గుంజంగ తిప్పింది. ఏస్కో. ఒరుసుకుంటే ఇప్పి పారేద్దువు" అంటూ నాన్నతో కాలు దింపించింది. తాతయ్య గొణుక్కుంటూనే తొడుక్కుని, పట్టీలు బిగించి, నా భుజం పట్టుకుని లేచాడు. వాకిట్లో ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. గొణుగుడు ఆగింది. కూర్చుని విప్పి చూసుకుంటే చర్మం ఎర్రబడను కూడా లేదు. మళ్లీ తొడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఎటు పోతున్నవో నాకెరుకనే" అంది నాయనమ్మ. అనడమే గానీ ఆమె కళ్ల నిండా నీళ్లు.

ఫ్యాక్టరీ షిఫ్టు వదిలే వేళ. రోడ్డు నిండా సైకిళ్లు. కొంతదూరం నా భుజం పట్టుకుని నడిచిన తాతయ్య, తాటివనం కనపడగానే చెయ్యి తీసేసి ముందుకు సాగాడు. దోస్తులు ముంతలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ల మధ్య దర్జాగా కూర్చుని, కల్లు కూడా ముట్టకుండా ముందు పెట్టుడుకాలు విప్పి, తొడుగు తీసి వాళ్ల చేతికిచ్చాడు. "మా పిల్ల అల్లింది. లోపట కుట్టు యాడుందో దేవులాడి సూపియ్యుండ్రి" అన్నాడు. ముసలాళ్లంతా వంతులవారీగా వేళ్లు పెట్టి తడిమారు. ఒక్కరికీ దొరకలేదు. అంత గర్వం నాకు ఆ తర్వాత ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. నడివయసులో పెట్టిన బట్టల దుకాణం నడవక, మూసేసి కుట్టుపనితో మళ్లీ మొదలుపెట్టిన రోజున, ఇంత చేసి అంతా పోగొట్టుకుంటున్నావని అందరూ జాలిపడ్డారు. నాకు అలా అనిపించలేదు. నేర్చిన పని నాతోనే ఉంది కదా అనుకున్నాను. చెడిన పనిని విప్పడానికి నేను వెనకాడను. పైపెచ్చు కాస్త పొగరు కూడా వస్తుంది. ఆ సాయంత్రం నా భుజం వదిలేసి, సైకిళ్ల మధ్య నుంచి తనంత తానుగా నడిచిపోతున్న మా తాతయ్య వీపు కళ్ల ముందు నిలబడుతుంది.