నాన్న కళ్ళకి కొబ్బరినూనె

నిన్న మొగల్తూరులో అమ్మ నా కూతురి కాటుకని కొబ్బరినూనె అద్దిన దూదితో తుడుస్తుంటే, ఆ వాసనకి నాన్న గుర్తొచ్చారు.

బొగ్గుగని క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్ళూ, మీకు గుర్తుందా? ఎంత సబ్బు రుద్దినా మన నాన్నల కనురెప్పల అంచున బొగ్గు నలుపు కాటుకలా ఉండిపోయేది. సెలవులకి ఊరొస్తే, నరసాపురంలో రైలు దిగేలోపు అమ్మ దాన్ని ఇలాగే నూనెతో తుడిచేసేది. తాతయ్య చేపల వేటకెళ్ళి సముద్రంలో పోయాక, ఇక వేటకి వెళ్ళనని నాయనమ్మ నాన్న చేత ఒట్టు వేయించుకుంది. ఆవిడ దృష్టిలో నాన్నది గని ఆఫీసులో కుర్చీ ఉద్యోగం. ఆయన రోజూ భూమి లోపలికి దిగుతారని మేమెవరమూ చెప్పలేదు.

"మీ నాయనమ్మకి తెలుసురా," అంది అమ్మ, దూది మడుస్తూ. "మనం తిరిగెళ్ళేటప్పుడల్లా నూనె సీసా ఇచ్చేది కదా. 'వాడి కళ్ళు మెల్లగా తుడవమ్మా, రుద్దితే మండుతాయి. నాకు తెలుసని మాత్రం వాడికి చెప్పకు' అనేది. నా చేతా ఒట్టు వేయించుకుంది."

"నాన్న బతికుండగా చెప్పాల్సింది కదమ్మా!"



చెప్పి ఉంటే, ఒక్క సెలవులోనైనా నాన్న ఆ నల్లటి కళ్ళతోనే రైలు దిగి, వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని అన్నం తినేవారు.