కారులో బస్సు బెల్లు

మా బావ బస్సు డ్రైవరు. నేను అదే బస్సులో కండక్టర్ని. అక్క మొగుడూ నేనూ ఒకే బండిలో ఎలా పడ్డామంటే అదో పెద్ద కథ, అందులో డిపో మేనేజరు కాళ్ళావేళ్ళా పడడం కూడా ఉంది, అదంతా ఇప్పుడెందుకు? చెప్పొచ్చేదేమిటంటే, మా బావంత మంచి డ్రైవరు ఈ రూట్లో లేడు. మా బావంత మొండిఘటం అసలెక్కడా లేడు.

స్టీరింగు ముందు కూర్చున్నాడంటే ఆయన చూపంతా తారురోడ్డు మీదే. బెల్లు ఒకటి కొడితే ఆగుతాడు, రెండు కొడితే పోతాడు. "ఆపవయ్యా బాబూ, నా స్టాపు దాటిపోయింది" అని జనం గగ్గోలు పెట్టినా ఆయన చెవిన పడదు. పడకూడదంటాడు. "కేక వినగానే బ్రేకు తొక్కితే నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి పడతారు. బండి ఆపే హక్కు బెల్లుదే" అని కొత్త డ్రైవర్లకి కూడా పాఠం చెప్తాడు. బస్సులో ఈ పాఠం బాగానే ఉంటుంది. ఇంట్లో అది పెట్టిన చిచ్చు చెప్తాను వినండి.

బావ కూతుర్ని మేం ఉడుత అంటాం. తొమ్మిదేళ్ళ పిల్ల. చెట్టు కనపడితే కింద నిలబడిపోతుంది, చీమల బారు కనపడితే అక్కడే చతికిలబడుతుంది. స్కూలు సంచిలో పుస్తకాలకంటే ఈకలూ, ఎండుకాయలూ, పాము కుబుసం ముక్కలూ ఎక్కువ. ఓ రోజు అక్క టిఫిన్ డబ్బా తెరిచి, లోపలున్న గొంగళిపురుగుని చూసి పెట్టిన కేకకి కింది వాటావాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

పోయిన వేసవిలో బావ పాత కారొకటి కొన్నాడు. అందరం కలిసి సముద్రం చూడ్డానికి బయల్దేరాం. దారిలో వంతెన కింద నీళ్ళనిండా తెల్లటి కొంగలు. "నాన్నా, ఆపు! ఆపు నాన్నా!" అని ఉడుత అద్దాన్ని రెండు చేతులతో బాదింది. కారు ఆగితే కదా! అనుకున్న టైముకంటే ముందే సముద్రం చేరామని బావ మీసం మెలేశాడు. పిల్ల కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి. నీళ్ళలో కాలు కూడా పెట్టలేదు.

ఈ ఏడు మళ్ళీ సెలవులొచ్చాయి. బావ వంటింటి తలుపు మీద సుద్దముక్కతో టైమింగులు రాశాడు. ఎప్పుడు బయల్దేరాలి, టీ ఎప్పుడు, భోజనం ఎప్పుడు, ఎప్పుడు చేరాలి, అన్నీ. ఉడుత వచ్చి మొత్తం చదివింది.

"నేను రాను."

"అదేంటమ్మా, సముద్రం చూడవా?"

"సముద్రం ఎక్కడికీ పోదు నాన్నా. దార్లో ఉన్నవే ఎగిరిపోతాయి. నువ్వు ఆపవు. నేను ఇంట్లోనే ఉంటా."

బావ ముఖం మాడిపోయింది. ఈ సెలవు కోసం ఆయన ఎన్నో ఆదివారాలు డ్యూటీ చేశాడు. "ఆపుతాన్లేమ్మా" అని ఓ మాట అనొచ్చుగా? అనడు. కేక వేస్తే తన కాలు బ్రేకు మీదకి పోదని ఆయనకే తెలుసు, పిల్లతో అబద్ధమాడడు. దాంతో ఇద్దరికీ మాటల్లేవు. "తండ్రీ కూతుళ్ళిద్దరూ ఇద్దరే! మధ్యలో నేను చస్తున్నా. నువ్వైనా ఏదో ఒకటి చెయ్యరా" అని అక్క నా మీద పడింది.

నాకూ ఒళ్ళు మండింది. ఏడాదికో ప్రయాణం, ఇంటికొక్కతే పిల్ల. అది మూతి ముడుచుకుని ఇంట్లో కూర్చుంటే మేం పోయి ఆ ఉప్పునీళ్ళు చూసి ఏం చేసుకోవాలి? దీన్ని కారెక్కించకపోతే నేను కండక్టర్నే కాదనుకున్నాను.

మర్నాడే డిపోలో మెకానిక్‌ని పట్టుకుని, తుక్కులో వేసిన బస్సు బెల్లూ తాడూ ఇప్పించమన్నాను.

"కారుకి బెల్లెందుకయ్యా? మతి గానీ పోయిందా?"

"మా బావ సంగతి నీకు తెలుసుగా" అన్నాను. అంతే, ఇంకేం అడక్కుండా స్క్రూలు కూడా తనే వెతికిచ్చాడు.

ఆదివారం బావ లేవకముందే కారులో బిగించేశాను. బెల్లు డ్రైవరు తలపైన, తాడు కప్పు కిందనుంచి వెనక సీటు దాకా. బ్రేకులు చూద్దాం రమ్మని బావని బయటికి లాగాను. నిద్ర మత్తులో ఉన్నాడేమో, తల పైకెత్తనే లేదు. ఉడుతని బతిమాలి బామాలి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇళ్ళు దాటగానే ఓ తుమ్మచెట్టు, దాన్నిండా గిజిగాడి గూళ్ళు.

"నాన్నా, ఆపు!"

కారు పోతూనే ఉంది. తాడు దాని చేతిలో పెట్టాను. లాగింది.

టింగ్!

కారు ఆగింది. ఎవరూ ముందుకు తూలకుండా, మెత్తగా రోడ్డు పక్కకొచ్చి మరీ ఆగింది. కాలు ముందు తొక్కేసింది, సంగతి బుర్రకి తర్వాత తెలిసింది. బావ బెల్లుని చూశాడు, నన్ను చూశాడు.

"ఎవడ్రా దీన్ని పెట్టింది?"

"కండక్టరు. బెల్లు పడ్డాక డ్రైవరు ఎదురు చెప్పకూడదు. ఎవరి పాఠం బావా అది?"

కోపం తెచ్చుకోబోయాడు గానీ నవ్వొచ్చేసింది. ఉడుత అప్పటికే చెట్టు కిందకి పరిగెత్తింది. ఇంటికొచ్చాక బావ తడిగుడ్డ తీసుకుని, తలుపు మీద రాసిన చేరే టైముని తుడిచేశాడు. అక్కడ ఉడుత ఓ కొంగ బొమ్మ గీసింది.

ప్రయాణం రోజు దారంతా టింగు టింగులే. వంతెన దగ్గర కొంగలకి, గట్టు మీద తూనీగలకి, ఊరికే ఓ మంచి రాయికి కూడా. "ఇలా అయితే వచ్చే ఏడాదికి చేరతాం" అని అక్క సణిగింది గానీ, టీకొట్టు కనపడగానే తనూ బెల్లు కొట్టింది.

మధ్యాహ్నానికి ఉడుత అలిసిపోయి నా ఒళ్ళో నిద్రపోయింది. అక్క కునికిపాట్లు పడుతోంది. మా బస్సు రోజూ పోయే దారే అది. రాళ్ళ క్వారీ మలుపు తిరిగాం.

టింగ్!

కారు ఆగింది. నేను కొట్టలేదు, అక్కా కొట్టలేదు. చూస్తే తాడు మీద బావ చెయ్యి ఉంది.

"ఉడుతా, లేమ్మా. ఆ ఎండిన చెట్టు పైన చూడు. గద్ద గూడు. పిల్ల తల బయటపెట్టింది, కనపడిందా? పొద్దుటి ట్రిప్పులో ఒకటి కాపలా ఉంటుంది, సాయంత్రం ట్రిప్పుకి రెండోది వస్తుంది. మాలాగే డ్యూటీలు మార్చుకుంటాయి."

ఉడుత చెట్టుని కాదు, నాన్ననే చూస్తోంది. "నీకెలా తెలుసు నాన్నా?"

"ఏటా చూస్తూనే ఉన్నాగా."

"మరి ఒక్కసారీ ఆగలేదేం?"

"ఎవరూ బెల్లు కొట్టలేదమ్మా."

ఇద్దరూ దిగి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని చెట్టు వైపు నడిచారు. ఇన్నేళ్ళుగా ఆయన వెనక నిలబడి బెల్లు కొట్టేవాణ్ణి నేనే. ఈ మలుపులో ఒక్కసారీ కొట్టలేదు.

"ఆలస్యమవుతోంది, రెండు కొట్టరా" అంది అక్క.

నేను తాడు ముట్టుకోలేదు.