ఆటోతో పాటు వెళ్ళిపోయిన నా టోపీ

మొన్న సోమవారం మా క్యాంపస్‌లో సగం మంది నా గుండు చూశారు. అదీ ఫ్రీగా! ఆ గుండు ఎవరి కంటా పడకూడదనే కదా నేను రోజుల తరబడి కూర్చుని టోపీ అల్లుకున్నది! ఆగండాగండి, అప్పుడే నవ్వకండి. టీ చల్లారేలోపు మొదట్నించీ చెప్పేస్తాను.

నాకు కేన్సర్ అన్నదీ, ఆపరేషన్, కీమో అన్నీ అయ్యాయన్నదీ మీకు తెలిసిందే. జుట్టు పోయింది. పోతే పోయిందిలే, మళ్ళీ వస్తుందన్నారు. కానీ బుర్ర కూడా మొరాయించింది చూడండీ, అక్కడ హడలిపోయాను. కీమో వల్ల కొన్నాళ్ళు అలా ఉంటుందని డాక్టర్ చెప్పాడనుకోండి, అయినా యూనివర్సిటీలో లెక్కలు చెప్పేదాన్ని, కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో గుర్తుండకపోతే ఎలా ఉంటుంది? ఒకరోజు మా ఆయన్ని, "అది ఇలా ఇవ్వండి" అన్నాను. "ఏది?" అన్నాడు. "అదేనండీ... అది... అట్లు తిప్పేది!" అట్లకాడ అన్న మాట రాలేదు. పొయ్యి మీద అట్టు మాడిపోతుంటే నిలబడి భోరుమని ఏడ్చాను.

చూడ్డానికొచ్చిన వాళ్ళంతా బత్తాయిలు తెచ్చారు. మా తార్నాక అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ సుగుణ ఆంటీ మాత్రం ఊలు తెచ్చింది. ఆంటీ మిషన్ స్కూల్లో టీచర్‌గా చేసి రిటైరైంది, ఏలూరు మనిషి. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమెన్ అన్న మరుక్షణం నా చేతిలో క్రోషియా సూది పెట్టింది.

"ఆంటీ, నాకు కుట్లూ అల్లికలూ రావండీ."

"రాకపోతే నేర్చుకో అమ్మాయ్. పడుకుని సీలింగ్ చూస్తే ఏమొస్తుంది, సాలెపురుగులు కనిపిస్తాయంతే!"

మొదలెట్టాను. టోపీ అనుకుంటే వేడి గిన్నెలు దించే మసిగుడ్డ అయింది. రెండోది ముడతలు పడి కాలీఫ్లవర్‌లా తేలింది. ఆంటీ ఇంత కూడా జాలి లేకుండా విప్పేసి, "మళ్ళీ" అనేది. ఆస్పత్రిలో కీమో ఎక్కుతున్నంతసేపూ అదే పని. వేళ్ళు తిమ్మిరెక్కేవి, లెక్క తప్పేది, ఒళ్ళుమండేది. కానీ ఒక్క సంగతి, లెక్క తప్పిందని విసుక్కుంటున్నంతసేపూ రిపోర్టుల గురించి భయం వేసేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి వెలిగింది. నడినెత్తిన మొదలుపెట్టి వరసకి ఆరేసి కుట్లు పెంచుకుంటూ పోవాలి... ఓరి దేవుడా, ఇది ఇంటర్‌లో చదివే శ్రేఢి కాదూ! కాగితం తెప్పించుకుని టోపీ మొత్తానికి లెక్క కట్టేశాను. నర్సు వచ్చి ఎందుకు ఏడుస్తున్నారమ్మా అని అడిగితే, "లెక్క వచ్చిందమ్మా" అన్నాను. పాపం, ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు.

ట్రీట్‌మెంట్ అయ్యాక మా హెచ్‌ఓడీకి ఫోన్ చేశాను, జాయినవుతానని. ఆయన మంచివాడే, కానీ నన్ను గాజుబొమ్మ కింద లెక్కేశాడు. "సోమవారం ఒక్క క్లాస్ చెప్పి చూడండి మేడమ్. ఇబ్బందైతే ఈ సెమిస్టర్ కూడా రెస్ట్ తీసుకోండి, మీ క్లాసులు ఇంకొకరికి సర్దేద్దాం" అన్నాడు. అంటే ఆ ఒక్క క్లాసే నాకు పరీక్ష! నీరసం మనిషిలా కనిపించానా, ఇంటికే. అందుకే స్కార్ఫూ గీర్ఫూ వద్దు, మంచి మెరూన్ రంగు టోపీ అల్లుకుని స్టైల్‌గా దిగాలని నా ప్లాను.

సోమవారం పొద్దున ఆంటీ విద్యానగర్‌లో చెల్లెలింటికి వెళ్తుంటే ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. దారిలో మా డిపార్ట్‌మెంట్ దగ్గర నేను దిగిపోతాను. టోపీకి అంచు వరస ఇంకా కొంచెం మిగిలుంది. తార్నాక సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది కదా, ఆ కాస్తా అల్లేశాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. క్రోషియా అల్లికకి ప్రాణమంతా చివర్న ఉన్న ఒకే ఒక్క ఉచ్చులో ఉంటుంది. ఊలు కత్తిరించి, కొస ఆ ఉచ్చులోంచి లాగి ముడేస్తేనే పని అయినట్టు. లేదూ, ఊలు పట్టి లాగితే మొత్తం జరజరా ఊడొచ్చేస్తుంది. ముడేద్దామంటే కత్తెర లేదు. పళ్ళతో కొరకబోయాను.

"ఛీ ఛీ, ఊలు నోట్లో పెడతావా! డాక్టర్ ఏం చెప్పాడు?" అని ఆంటీ చేతి మీద ఒక్కటిచ్చింది. "ఆఫీసులో కత్తెర అడుగుదువుగానిలే. ముందు పెట్టుకో, చూద్దాం."

పెట్టుకున్నాను. "రాణీలా ఉన్నావే!" అంది. మురిసిపోయాను. ఇంతలో ఆంటీ ఊలు ఉండని తన సంచిలో పడేసి సర్రున జిప్ లాగేసింది. ఆటో ఎక్కితే అన్నిటికీ జిప్ వేసేయడం ఆవిడ అలవాటు.

డిపార్ట్‌మెంట్ వచ్చింది. మెట్ల మీద మా ఎమ్మెస్సీ పిల్లలు, "గుడ్ మార్నింగ్ మేడమ్!" వెనక బస్సు హారన్. డ్రైవర్, "జల్దీ దిగున్రి మేడమ్, బస్సు మీదికొస్తున్నది!" ఆ హడావుడిలో దిగిపోయాను. ఆటో కదిలింది.

చెవి దగ్గర చక్కిలిగింత. చీమేమో అని దులుపుకున్నాను. అది తల వెనక్కి పోయింది, అట్నుంచి ఇంకో చెవి దగ్గరికొచ్చింది. ఏదో నా తల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తోంది! అయిపోయింది, మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయి, ఇక్కడే పడిపోతాను, హెచ్‌ఓడీ చూస్తాడు అనుకున్నాను.

"మేడమ్! మీ టోపీ పోతున్నది!" అని అరిచింది స్రవంతి అనే స్టూడెంట్.

చూస్తే ఏముంది, నా నెత్తి నుంచి ఆటో దాకా మెరూన్ దారం, ఆ కొస ఆంటీ సంచి జిప్పులో ఇరుక్కుని! టోపీని రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నాను. అదీ నా తెలివి! వదిలేస్తే టోపీ టోపీలా వెళ్ళుండేది. పట్టుకునేసరికి వరస తర్వాత వరస ఊడిపోతోంది. అప్పుడు నా లెక్కల బుర్ర టక్కున పనిచేసింది. దారం బిగుసుకుంటేనే కదా ఊడేది? ఆటో కంటే స్పీడుగా పరిగెడితే దారం వదులవుతుంది! అంతే, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగు లంకించుకున్నాను.

"ఆంటీ! ఆపండి! ఆంటీ!" అని చెయ్యి ఊపాను. ఆంటీ బయటికి తల పెట్టి చూసి, టాటా చెప్తున్నాననుకుని తనూ చెయ్యి ఊపింది. "భయపడకమ్మా! దేవుడున్నాడు!"

దేవుడున్నాడు, నిజమే. స్పీడ్ బ్రేకర్ రూపంలో ఉన్నాడు. ఆటో అక్కడ స్లో అయింది, వెళ్ళి కమ్మీ పట్టేసుకున్నాను.

"ఏంది మేడమ్, గిట్ల ఉరుకుతున్రు? ఏమన్నా మర్శిపోయిన్రా?" అన్నాడు డ్రైవర్.

ఆంటీ నా తల చూసి "యేసయ్యా!" అని నోటి మీద చెయ్యేసుకుంది. నడినెత్తిన అప్పడమంత ముక్క మిగిలింది, అంతే. కొంగు కప్పుకుందామంటే ఎటు చూసినా పిన్నులే. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి పోదామని ఒక కాలు ఆటోలో పెట్టాను కూడా.

అప్పుడు తట్టింది. నేను పరిగెత్తాను! గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళినదాన్ని, ఆటోని అందుకున్నాను. రొప్పుతున్నాను, కానీ కళ్ళు తిరగట్లేదు. ఏడుపొచ్చింది, దానికంటే ముందు నవ్వొచ్చింది. రోడ్డు మీద నిలబడి పకపకా నవ్వాను. ఈలోగా స్రవంతి రోడ్డు పొడుగునా పడ్డ ఊలు చేతికి చుట్టుకుంటూ వచ్చింది. నా తల వంక చూసింది, మొహం వంక చూసింది.

"మేడమ్, క్లాస్ ఉన్నదా, లేదా?"

"ఎందుకు లేదు? పదండి!"

ఆ అప్పడం కూడా తీసి ఆంటీ చేతిలో పెట్టి, నున్నటి గుండుతో వెళ్ళి గంటసేపు పాఠం చెప్పాను. మధ్యలో డస్టర్ అన్న మాట రాలేదు. వేలు చూపించాను, ఎవరో అందించారు, పాఠం సాగిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

క్లాస్ అవగానే హెచ్‌ఓడీ పిలిచాడు. చాక్‌పీసు పొడి దులుపుకుంటూ వెళ్ళాను.

"మేడమ్, కిటికీలోంచి మొత్తం చూశాను" అన్నాడు. "అనవసరంగా భయపడ్డానమ్మా. మీ క్లాసులన్నీ మీవే."

ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆయన ఆగితేనా! "పై అంతస్తులో సెక్షన్ కూడా మీరే తీసుకోండి. పరీక్షల డ్యూటీకి మీ పేరు ఇచ్చేశాను. ఫ్రెషర్స్ డేకి అటూ ఇటూ తిరగడానికి చురుకైనవాళ్ళు కావాలి, అదీ మీకే."

నిన్న వెళ్ళి, "సర్, కాస్త నీరసంగా ఉందండీ" అన్నాను. కడుపుబ్బా నవ్వాడు. కేన్సర్ నుంచి లేచొచ్చినదాన్ని, ఒంట్లో బాగోలేదంటే డిపార్ట్‌మెంట్‌లో అటెండర్ కూడా నమ్మట్లేదండీ!